సిగార్ మాటిమాటికీ ఆరిపోతోందా? లైటర్ పక్కన పెట్టి తేమ చూడండి

పోయిన ఆగస్టులో మా బామ్మర్ది అమెరికా నుంచి వస్తూ పది సిగార్లున్న పెట్టె తెచ్చాడు. నికరాగ్వాలో చేత్తో చుట్టినవి. మిర్యాలగూడలో మా మేడ మీద, వాన వెలిసిన సాయంత్రం, ఇద్దరం చెరొకటి ముట్టించాం. పది నిమిషాలకు అతనిది ఆరింది. ముట్టించుకున్నాడు. ఈలోగా నాది ఆరింది. సగానికి వచ్చేసరికి లైటర్‌లో గ్యాస్ అయిపోయి, వంటింట్లోంచి అగ్గిపెట్టె తెచ్చుకున్నాం. "దొంగ మాల్ అంటగట్టిండు బావా" అని అతనికి ఒకటే బాధ. మా ఆవిడ బట్టలు తీయడానికి పైకొచ్చి, "మా తాత చుట్ట ఒక్కసారి అంటిస్తే పొలం కాడికి పోయేదాకా కాలేది. ఇదేం సోకు?" అనేసి వెళ్లిపోయింది.

మాల్ దొంగది కాదు. అదే పెట్టెలోవి రెండు వారాల తర్వాత కాలిస్తే చివరి రెండంగుళాల దాకా ఒక్కసారి కూడా ఆరలేదు. మధ్యలో నేను చేసిందల్లా వాటిలోంచి కాస్త నీరు తీయడం.

నాది వడ్ల వ్యాపారం. ఐకేపీ సెంటర్‌లో తేమ 17 శాతం దాటితే వడ్లు తూకం వేయరు. రైతు మళ్లీ కల్లంలో ఆరబోసుకోవాలి. రోజూ తేమ మిషన్ చూసే నాకు, సిగార్ కూడా ఒక రకం పంటేనని తట్టడానికి ఒక సాయంత్రం, ఒక లైటర్ గ్యాస్ పట్టింది. కింద రాసిందంతా ఆ తర్వాత చూసి, చేసి, పాడుచేసి నేర్చుకున్నది. ఇదేమీ ఆరోగ్యకరమైన అలవాటు కాదు. పొగ లోపలికి మింగకపోయినా నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఉంటుంది. తాగనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టాల్సిన పనేం లేదు. ఎలాగూ డబ్బు పోసి కొన్నవాళ్ల కోసం ఇది.

ముందు: ఇది నిజంగా సమస్యేనా?

సిగరెట్ వదిలేసినా దానంతటదే కాలుతూ పోతుంది, ఎందుకంటే దాని కాగితంలోనే మంట ఆగకుండా ఉండే లవణాలు కలుపుతారు. చేత్తో చుట్టిన సిగార్‌లో ఆకు తప్ప ఇంకేం ఉండదు. మీరు దమ్ము లాగినప్పుడే దానికి గాలి. కబుర్లలో పడి నాలుగైదు నిమిషాలు మరిచిపోతే ఆరిపోవడం దాని సహజ గుణం. గంటసేపు కాలే సిగార్‌ను ఒకటి రెండుసార్లు మళ్లీ ముట్టించుకోవాల్సి వస్తే దాన్ని జబ్బు అనుకోకండి.

మొదటి పావుగంటలోనే రెండు మూడుసార్లు ఆరితే, నిమిషానికోసారి లాగుతున్నా పొగ పలచబడుతుంటే, అప్పుడు ఎక్కడో తేడా ఉంది. ఆ తేడాకు చోట్లు నాలుగే: ఆకులో నీరు, లోపల గాలి దారి, ముట్టించిన తీరు, లాగే వేగం. నూటికి తొంభై మంది మూడోదాన్ని అనుమానించి ఖరీదైన లైటర్ కొంటారు. మా బామ్మర్ది కూడా కొన్నాడు.

లోపల ఏముందో ఒకసారి

సిగార్ మూడు పొరలు. లోపల పొడవాటి ఆకులు, వాటిని పట్టి ఉంచే కట్టు ఆకు, ఆపైన కంటికి కనిపించే పై ఆకు. లోపలి ఆకుల్లో మళ్లీ రకాలున్నాయి. పొగాకు మొక్కకు అడుగున ఉండే ఆకు పలచగా ఉండి సులభంగా అంటుకుంటుంది. దాన్ని వొలాడో అంటారు. నడిమి ఆకు సెకో, వాసన దానిది. మొక్క కొసన, ఎండ బాగా తగిలే చోట ఉండే ఆకు లిహెరో. మందంగా, నూనెగా, ఘాటుగా ఉంటుంది, కాలడానికి మొండికేస్తుంది. అందుకే చుట్టేవాళ్లు లిహెరోను నట్టనడుమ పెట్టి చుట్టూ త్వరగా కాలే ఆకు పెడతారు.

దీంతో మనకేం పని అంటారా? ఘాటు సిగార్ అంటే లోపల లిహెరో ఎక్కువ. నల్లగా నిగనిగలాడే మదూరో అంటే పై ఆకు మందం. ఈ రెండూ కలిసినవాటికి తేమ కొంచెం ఎక్కువైనా చాలు, ఆరిపోతాయి. తేలికైన, లేత గోధుమరంగు సిగార్ అదే తేమలో కాలిపోతుంది. ఒకే పెట్టెలో రెండు రకాలూ పెట్టి, "ఇది కాలింది, అది ఎందుకు కాలలేదు" అని జుట్టు పీక్కోకండి.

మొదటి పని: వేళ్లతో చూడండి

వడ్లు కొనే పాతకాలపు సేటు మిషన్ లేకుండానే గింజ కొరికి చెప్పేవాడు. పట్ మని విరిగితే ఎండింది, పంటి కింద నలిగితే పచ్చి. సిగార్‌కు కూడా అలాంటి పరీక్ష ఉంది.

నిప్పు పెట్టే కొసకు అంగుళం పైన బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నొక్కండి. కొంచెం లోపలికి పోయి, వేలు తీయగానే మళ్లీ పైకి రావాలి. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయి, స్పాంజిలా మెత్తగా తగిలితే నీరు ఎక్కువ. ఎండుటాకులా చిటచిటలాడితే మరీ ఎండింది. తర్వాత వేళ్లను నెమ్మదిగా పొడవునా జరపండి. అంతా మెత్తగా ఉండి ఒక్కచోట గట్టి ముడిలా తగిలితే, ఆకు అక్కడ కుక్కినట్టు చుట్టారు. గాలి దారి మూసుకునేది అక్కడే. ఆ చోటు గుర్తు పెట్టుకోండి.

ఒక మాట: ఎండిన సిగార్ సాధారణంగా ఆరిపోదు. వేడిగా, గబగబా కాలి, నోరు చేదు చేస్తుంది, పై ఆకు పగులుతుంది. ఆరిపోవడం తడి లక్షణం. నీళ్లు ఉన్న ఆకులో నిప్పు ముందు ఆ నీటిని ఆవిరి చేయాలి, వేడంతా దానికే పోతుంది. పైగా తడిసిన ఆకు ఉబ్బి గాలి దారిని ఇరుకు చేస్తుంది. రెండు వైపులా దెబ్బ. కాబట్టి "ఎండిపోయి ఆరిపోతోందేమో" అని తడిగుడ్డ చుట్టకండి. నేను ఒకదాన్ని అలాగే నాశనం చేశాను.

రెండో పని: తేమ సరిచేయడం

ఇక్కడ కాస్త నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువ కేసులు ఇక్కడే తేలిపోతాయి.

సిగార్ పెట్టిన డబ్బాలో గాలి తేమ 62 నుంచి 69 శాతం మధ్య ఉండాలి. 70 దగ్గర పెట్టమని పాత సలహా. మన దగ్గర, మందపు ఆకు సిగార్లకు, నేను 65 దాటనివ్వను. దీనికి చిన్న డిజిటల్ తేమ మీటర్ కావాలి, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. కానీ కొన్న మీటర్‌ను నమ్మకండి. నాది మొదటిరోజు ఏడు పాయింట్లు తక్కువ చూపించింది. అంటే నేను 65 అనుకుంటున్నప్పుడు లోపల 72 ఉంది!

మీటర్‌ను పరీక్షించడానికి ఉప్పు చాలు. సీసా మూతలో వంటింటి ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేదాకా కొన్ని చుక్కల నీళ్లు వేయండి. కరిగిపోకూడదు, ముద్దగా ఉండాలి. ఆ మూతను, మీటర్‌ను ఒక జిప్ కవర్‌లో పెట్టి గాలి పోకుండా మూసి ఒకరోజు వదిలేయండి. ఉప్పు తడి లోపలి గాలిని సరిగ్గా 75 శాతం దగ్గర నిలబెడుతుంది. మీటర్ 68 చూపితే అది 7 తక్కువ చెప్తోంది. ఆ 7 ఎప్పుడూ కలుపుకోండి. మూత తిరగబడి మీటర్ మీద ఉప్పు పడకుండా చూసుకోండి, అంతే.

ఇప్పుడు సిగార్‌లోంచి నీరు తీయడం. అమెరికావాళ్లు చెప్పే చిట్కా ఒకటుంది. తాగాలనుకున్న సిగార్‌ను ఒకటి రెండు రోజుల ముందు తేమ పెట్టెలోంచి తీసి ఖాళీ చెక్క పెట్టెలో పెట్టమంటారు. గది గాలి మిగతా పని చేస్తుంది. అక్కడ బాగానే పనిచేస్తుంది, కానీ వాళ్ల గది గాలి వేరు, మన గాలి వేరు. ఆగస్టులో నల్లగొండలో బయట గాలే తడిగా ఉన్నప్పుడు సిగార్‌ను బయట పెడితే ఎండకపోగా ఇంకాస్త నీరు తాగుతుంది. మే నెలలో 43, 44 డిగ్రీల వడగాడ్పుకు పెడితే మధ్యాహ్నానికల్లా పై ఆకు ఎండిన చెరువులా నెర్రెలిస్తుంది. అందుకే కాలాన్ని బట్టి చేయాలి.

వానాకాలం: గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకోండి, నాలుగు వైపులా క్లిప్పులు పడేది. పచ్చడి పెట్టిన డబ్బా మాత్రం వద్దు, ఎంత కడిగినా ఆవకాయ వాసన పోదు. అందులో 62 శాతం బొవేడా ప్యాకెట్, అంటే డబ్బాలో తేమను 62 దగ్గర నిలిపేది, వేయండి. ఈ ప్యాకెట్లు రెండు పనులూ చేస్తాయి, తేమ ఎక్కువుంటే పీల్చుకుంటాయి, తక్కువుంటే వదులుతాయి. సిగార్లు వారం నుంచి రెండు వారాలు అందులో ఉండాలి. మాటిమాటికీ మూత తీసి చూడకండి. తొందరైతే ఏసీ నడిచే గదిలో చెక్క పెట్టెలో ఒకరోజు పెట్టండి. ఏసీ గాలిలోని నీరు తీసేస్తుంది కాబట్టి ఆ గదిలో పాత అమెరికా చిట్కా పనికొస్తుంది.

ఎండాకాలం: అసలు శత్రువు ఎండ కాదు, కూలర్. మహబూబ్‌నగర్‌లో మా మామయ్య ఇంట్లో ఏప్రిల్ నెలలో సిగార్ ఆరిపోయింది. బయట గాలి పొడిగా మండిపోతుంటే లోపల తడి ఎక్కడిదా అని నాకు అర్థం కాలేదు. చూస్తే ఆయన పెట్టెను కూలర్ ఎదురుగా అల్మారాలో పెట్టాడు. గడ్డి మీద నీళ్లు పారి వచ్చే గాలి రాత్రంతా దానికే తగిలింది! కూలర్ ఉన్న గదిలో సిగార్ పెట్టకండి. తాండూరు బండ పరిచిన లోపలి గది ఏదైనా ఉంటే అక్కడ, ఎండ తగలని మూలన, మూసిన డబ్బాలో.

మరీ ఎండిపోయినవాటిని తిరిగి తేవాలంటే మాత్రం ఓపిక కావాలి. 62 ప్యాకెట్‌తో రెండు వారాలు, తర్వాత 65తో ఇంకో రెండు వారాలు. ఒక్కసారిగా తడి తగిలితే లోపలి ఆకు ఉబ్బి పై ఆకును చీల్చేస్తుంది.

మా మిల్లులో గుమాస్తా ఒకాయన, "బియ్యం డబ్బాల పెట్టు అన్నా, తడి గుంజుతది" అన్నాడు. ఫోన్ నీళ్లలో పడితే అందరూ చెప్పే మాటే. గోదాముకు పంపే బియ్యంలోనే 14 శాతం దాకా నీరు ఒప్పుకుంటారు. అది ఇంకెంత గుంజుతుంది? పైగా తవుడు దుమ్ము, పురుగు. ఫ్రిజ్ కూడా అంతే. ఇప్పటి ఫ్రిజ్‌లు మంచు పట్టకుండా లోపలి గాలిని ఎండగొడతాయి, వాటిలోని కొత్తిమీర, వెల్లుల్లి వాసనంతా ఆకు పట్టేస్తుంది.

మూడో పని: కొస కోయడం

చిన్న పని, కానీ తప్పు చేస్తే మిగతాదంతా దండగ. నోట్లో పెట్టుకునే కొస గుండ్రంగా ఉండి, క్యాప్ అనే చిన్న ఆకు ముక్కతో మూసి ఉంటుంది. ఆ గుండ్రం తిన్నగా మారే గీతకు పైనే, రెండు మిల్లీమీటర్ల మందం కోయాలి. ఆ గీత దాటితే పై ఆకు ఊడి వస్తుంది. మరీ తక్కువ కోస్తే రంధ్రం ఇరుకై పొగలోని నల్లటి జిగురు అక్కడే పేరుకుంటుంది, దమ్ము బిగుసుకుంటుంది, నిప్పుకు గాలి అందదు. వక్కలు కత్తిరించే అడకత్తెరతో కోసినవాళ్లను చూశాను. నలుగుతుంది, వద్దు. రెండు బ్లేడుల కట్టర్ మంచిది, ఒక్క దెబ్బకు తెగాలి.

కోశాక ముట్టించకుండానే ఒక దమ్ము లాగండి. లావుపాటి స్ట్రాతో కొబ్బరినీళ్లు తాగినంత తేలిగ్గా రావాలి. చిక్కటి మిల్క్‌షేక్ లాగినట్టు బుగ్గలు లోపలికి పోతుంటే దారి మూసుకుంది. ముట్టించకముందే బాగుచేయాలి, ముట్టించాక కష్టం.

ఇందాక గుర్తు పెట్టుకున్న గట్టి ముడి ఉందా? దాన్ని వేళ్ల మధ్య పెట్టి, చపాతీ పిండి ముద్ద సాగదీసినంత నెమ్మదిగా, అటూ ఇటూ దొర్లించండి. చాలాసార్లు వదులవుతుంది. కాకపోతే సన్నని, నున్నని పొడవు సూదిని నోటి కొస నుంచి నడుమకు, తిప్పుతూ తిప్పుతూ, ఆ ముడి దాటేదాకా దించి మెల్లగా బయటికి లాగండి. పొడిచేయకండి, పక్కకు చీలితే సిగార్ పని అయిపోయినట్టే. అగరుబత్తి పుల్ల సరిగ్గా సరిపోతుంది కదా అని దాన్ని వాడకండి. నేను వాడాను. గంటసేపు గుళ్లో కూర్చున్నట్టుంది.

నాలుగో పని: ముట్టించడం

చుట్ట తాగే మా తాత పొయ్యిలోంచి నిప్పుకణిక చేత్తోనే తీసి, చుట్టకొసకు ఆనించి, గుప్పున ఒక దమ్ము లాగేవాడు. సిగార్ అంతకు మూడింతల లావు. ప్రమాణ సైజు రొబుస్టో అయిదంగుళాల పొడవు, సుమారు 20 మిల్లీమీటర్ల లావు. అంత వెడల్పు అంతా సమంగా అంటుకోకుండా లాగడం మొదలుపెడితే, అంటుకున్న భాగం కాలుతుంది, మిగతాది తడి కట్టెలా ఉండిపోతుంది. అయిదు నిమిషాల్లో రెండూ ఆరిపోతాయి.

బ్యూటేన్ గ్యాస్ లైటర్ వాడండి. పెట్రోల్ లైటర్ వాసన సిగార్‌లోకి ఎక్కుతుంది, మైనం పూసిన కాగితపు అగ్గిపుల్లలూ అంతే. చెక్క అగ్గిపుల్ల అయితే మందు మొత్తం కాలిపోయి చెక్క అంటుకునేదాకా ఆగండి. గ్యాస్ నింపేటప్పుడు లైటర్‌ను తలకిందులుగా పట్టి, ముందు స్క్రూడ్రైవర్‌తో వాల్వ్ నొక్కి పాత గాలి వదిలేయండి. లేకపోతే మంట తుప్పుతుప్పుమని ఆగిపోతుంది.

సిగార్‌ను వాలుగా పట్టుకుని, మంటను కొసకు ఒక సెంటీమీటర్ కింద ఉంచండి, తగలనివ్వకండి. తిప్పుతూ ఉండండి. మొక్కజొన్న పొత్తు కాల్చేటప్పుడు మంటలో పెట్టకుండా నిప్పుల మీద తిప్పినట్టు. ముందు అంచు నల్లబడుతుంది, తర్వాత సన్నని పొగ లేస్తుంది, ఇరవై ముప్పై సెకన్లకు అంచు చుట్టూ ఎర్రటి గీత వస్తుంది. ఇప్పుడు ఆపి, ఆ కొస మీద మెల్లగా ఊదండి. ఎక్కడ అంటుకుందో అక్కడ కుంకుమలా ఎర్రగా వెలుగుతుంది, ఎక్కడ అంటుకోలేదో అక్కడ నల్లగా ఉండిపోతుంది. నల్లటి చోట మళ్లీ మంట చూపండి. కొసంతా ఒకేలా ఎర్రబడ్డాకే నోట్లో పెట్టుకుని, మంటను ఇంకా దగ్గరే ఉంచి, రెండు మూడు చిన్న దమ్ములు లాగండి.

ఇదంతా గాలి లేని చోట చేయాలి. ఫ్యాన్ ఆపండి. నాగార్జునసాగర్ దగ్గర, రిజర్వాయర్ మీంచి వచ్చే గాలికి, ఒకవైపే ఎర్రబడి రెండోవైపు ముట్టుకోని సిగార్ నా చేతిలో ఉంది ఒకసారి. ఎలాగూ అలాంటి జనం తిరిగే చోట్లు దీనికి తగినవి కావు. 2003 నాటి పొగాకు చట్టం కింద బహిరంగ ప్రదేశంలో తాగితే 200 రూపాయల దాకా జరిమానా ఉంది. సొంత మేడ, సొంత పెరడు మేలు.

అయిదో పని: లాగే వేగం

నిమిషానికి ఒక దమ్ము. రెండు మూడు సెకన్లు, నోట్లోకి మాత్రమే, ఊపిరితిత్తుల్లోకి కాదు. అంతకంటే ఆలస్యమైతే నిప్పు చల్లబడుతుంది. అంతకంటే గబగబా లాగితే వేడెక్కి, జిగురు కక్కి, ఆ జిగురే దారి మూసేస్తుంది. అంటే ఆరిపోతుందన్న టెన్షన్‌తో ఎక్కువ లాగడం కూడా ఆర్పే పనే. మా బామ్మర్ది మొదటిరోజు అదే చేశాడు. చివరికి సిగార్ ఆరిందో లేదో కానీ అతనికి చెమటలు పట్టి, తల తిరిగి, గోడ పట్టుకుని కూర్చున్నాడు. అది నికోటిన్ పని. అలా అయితే సిగార్ పక్కన పెట్టి, గాలికి కూర్చోబెట్టి, చక్కెర నీళ్లో బెల్లం ముక్కో ఇవ్వండి. ఖాళీ కడుపుతో ఎప్పుడూ ముట్టించకండి.

మాటల్లో పడి రెండు నిమిషాలు దాటిందనుకోండి. పొగ పలచగా ఉన్నా ఇంకా వస్తుంటే, వెంటవెంటనే రెండు చిన్న దమ్ములు లాగితే నిప్పు తేరుకుంటుంది, లైటర్ అక్కర్లేదు.

ఇంకా ఆరుతుంటే: బూడిద దులిపి నిప్పు ముఖం చూడండి

డాక్టరు నాలుక చూసినట్టు, నేను నిప్పు ముఖం చూస్తాను. బూడిదను ట్రే అంచుకు ఆనించి మెల్లగా తిప్పితే ఊడి పడుతుంది. దాని కింద నిప్పు, మొద్దుగా చెక్కిన పెన్సిల్ మొనలా, కొంచెం ముందుకు పొడుచుకుని ఉంటే అంతా బాగుంది.

మొన మరీ పొడుగ్గా, సన్నగా ఉందా? గబగబా లాగుతున్నారు, లేదా నడిమి లిహెరో కాలలేక వెనకబడి నిలబడిపోయింది. కాసేపు నెమ్మదించండి.

మొన లేకపోగా లోపలికి గుంట పడి, చుట్టూ పై ఆకు గోడలా నిలబడి ఉందా? లోపల కాలుతోంది, పైన కాలడం లేదు. చెదలు తిన్న కట్టెలా. పై ఆకు తడిగా ఉండటమో, మీరు మరీ నిదానంగా లాగడమో కారణం. మంటను ఆ గోడకు చుట్టూ చూపి నిప్పుతో సమం చేయండి. గుంట సెంటీమీటర్ కంటే లోతైతే ఆ ముక్క కోసేసి కొత్తగా ముట్టించడం తేలిక.

ఒకవైపు కాలి రెండోవైపు పడవలా మిగిలిందా? కాలని వైపును కిందికి తిప్పి పట్టుకోండి. అడుగున గాలి ఎక్కువ అందుతుంది, రెండు మూడు నిమిషాల్లో తేడా తగ్గుతుంది. తగ్గకపోతే కాలని అంచుకు మాత్రమే లైటర్ చూపండి. ఎక్కువ కాలిన వైపు వేలికి తడి చేసి రాస్తే అక్కడ వేగం తగ్గుతుంది.

నిప్పు ముఖం బాగుంది, దమ్ము మాత్రం మొదట్లో తేలిగ్గా ఉండి ఇప్పుడు బిగుసుకుంది, పెదాలకు చేదు తగులుతోంది. అది జిగురు. నోటి కొసను గుడ్డతో తుడిచి, ఇంకో రెండు మిల్లీమీటర్లు కోయండి.

దమ్ము మరీ తేలిగ్గా ఉండి, పొగే రాకపోతే ఎక్కడో చిల్లు ఉంది. వెలుతురులో తిప్పి చూడండి. పై ఆకు చీలితే ఆ చోట వేలితో మూసి పట్టుకుని కాల్చవచ్చు. సూదితో పొడిచినట్టు గుండ్రటి చిల్లు కనిపిస్తే మాత్రం అది పురుగు. పసుపు కొమ్ముల్లో, ఎండు మిరపకాయల్లో పడే ఆ చిన్న గోధుమరంగు పురుగే పొగాకునూ తింటుంది. వేడి పెరిగితే గుడ్లు పొదుగుతాయి, కాబట్టి మన ఎండాకాలం దానికి పండగ. పెట్టెలో మిగిలిన సిగార్లను జిప్ కవర్‌లో మూసి, ఒకరోజు ఫ్రిజ్‌లో, మూడు రోజులు ఫ్రీజర్‌లో, మళ్లీ ఒకరోజు ఫ్రిజ్‌లో ఉంచి అప్పుడు బయటికి తీయండి. కవర్ మూసే ఉంటుంది కాబట్టి ఇందాక చెప్పిన ఫ్రిజ్ వాసన గొడవ ఉండదు. నేరుగా ఫ్రీజర్ నుంచి బయట పెడితే ఆకు పగులుతుంది. ఇక మీదట మసాలాలున్న గదిలో పెట్టకండి.

ఆరిపోయాక మళ్లీ ముట్టించే పద్ధతి

ఆరినచోటే లైటర్ పెట్టి గట్టిగా లాగితే నోట్లోకి వచ్చేది తడిసిన బొగ్గు రుచి. ముందు బూడిద మొత్తం దులపండి. నల్లటి పెళ్లలు ఉంటే ట్రే అంచుకు రుద్ది తీసేయండి. తర్వాత సిగార్‌లోంచి బయటికి మెల్లగా ఊదండి, లోపల నిలిచిన పాత పొగ పోతుంది. అప్పుడు మొదట చేసినట్టే, మంట తగలకుండా తిప్పుతూ కాల్చి, ముట్టించండి. పది పదిహేను నిమిషాల్లోపు చేస్తే రుచిలో పెద్ద తేడా ఉండదు. రాత్రి వదిలేసి పొద్దున్నే ముట్టించాలని చూడకండి, చల్లారిన తారు వాసన తప్ప ఇంకేం రాదు.

చివరి రెండంగుళాల దగ్గర ఆరితే పట్టుదలకు పోవద్దు. అంతసేపటి పొగలోని తేమ, జిగురు అంతా అక్కడే చేరి ఉంటుంది, ఆ ముక్క ఆరిపోవడమే న్యాయం.

అన్నీ చేసినా ఒకే పెట్టెలోవి వరసగా ఆరిపోతుంటే ఒకదాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. పొడవాటి ఆకులు మడతలుగా కనిపించాలి. పొడి, ముక్కలు, ఈనెలు రాలితే, పొడవాటి ఆకులవని చెప్పి మీకు అమ్మినవాడు మోసం చేశాడు. అద్దం మూత ఉన్న పెట్టెలో కొహీబా అనే పేరున్న క్యూబా సిగార్ ఎవరైనా ఇస్తే చీల్చే పని కూడా లేదు, అది నకిలీ, క్యూబాలో అసలు కంపెనీ అలాంటి పెట్టె చేయదు.

అయిపోయిన ముక్కను నలిపి ఆర్పక్కర్లేదు, వదిలేస్తే అయిదు నిమిషాల్లో దానంతటదే ఆరుతుంది. ఆరింది కదా అని మేడ మీంచి విసరకండి. మా ఇంటి వెనక వరిగడ్డి వాము ఉంది. నేను ట్రేలో నీళ్లు పోశాకే కిందికి దిగుతాను.